‘పడినా’ అన్న మాట ‘పాడినా’గా వినిపించిన కేసు: ఒక తెలుగు రాక్ సింగిల్ రేడియోకెక్కిన తీరు

నేపథ్యం

హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్‌లో చాలా ఏళ్లు పాటల ఎంపిక పని చూశాను. ఇప్పుడు సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా పాటలు కట్టుకునే బృందాలకు, రికార్డింగు దశ నుంచి పాట రేడియోకు చేరేదాకా సలహాలిస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది ఆ పనిలో ఎదురైన ఒక కేసు. రేడియో ఆదరించని ఒక పాటలో లోపం ఎక్కడుందో కనుక్కోవడానికి మాకు దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. ఆ కాలమంతా పాట నిడివి మీద, సౌండు మీద, స్టేషన్ల అభిరుచి మీద ఖర్చయింది. అసలు చిక్కు పల్లవిలోని మొదటి అక్షరంలో ఉంది. తెలుగులో రాక్ పాట కడుతున్న బృందాలు తరచుగా ఇదే చోట తడబడడం చూస్తున్నాను కనుక, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వివరంగా రాస్తున్నాను. బృందం పేరు, పాట పేరు, స్టేషన్ల పేర్లు, ఏ సంవత్సరమన్నదీ చెప్పడం లేదు. మనుషులను గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. పల్లవిలోని రెండు మాటలను మాత్రం పాట రాసినవారి అనుమతితో ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

బృందంలో ఐదుగురు. సికింద్రాబాద్ వైపు ఒక ఇంటి మేడమీద గదిలో, గోడలకు పాత పరుపులు ఆనించి సాధన చేసుకునేవారు. మొదట కాలేజీ ఉత్సవాల్లో, పబ్బుల్లో ఇంగ్లిష్ పాటలు వాయించి పేరు తెచ్చుకున్నారు. ఆ తర్వాతే తెలుగులో సొంత పాట కట్టారు. వేదిక మీద ఆ పాటకు కుర్రకారు గొంతు కలిపేవారు. అది చూసే, రేడియోలో వస్తే నగరమంతా పాడుకుంటుందని వారు నమ్మారు. ఆ నమ్మకం తప్పని నాకూ అనిపించలేదు.

రేడియో పరిస్థితి కూడా కొంత చెప్పాలి. హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు 2006లో మొదలయ్యాయి. వాటి ప్లేలిస్టులో సినిమా పాటదే రాజ్యం. అంతకు ముందు తరాల్లో సినిమాయేతర తెలుగు పాటకు ఆకాశవాణి చోటిచ్చింది. లలిత గీతాలు, ‘ఈ మాసపు పాట’ వంటి కార్యక్రమాలు వింటూ జనం పెన్సిలు పట్టుకుని సాహిత్యం రాసుకునేవారు. విన్న పాటను అలా రాసుకోగలిగారంటే, ప్రతి అక్షరం చెవికి అందేలా పాడారన్నమాట. ఈ సంగతి ఆ రోజుల్లోనే నా మనసులో మెదిలి ఉంటే కేసు సగం కాలంలో ముగిసేది.

వచ్చిన సమస్య

బృందం నా దగ్గరకు వచ్చేసరికే పాటను నాలుగు స్టేషన్లకు పంపి ఉన్నారు. మూడింటి నుంచి జవాబు లేదు. నాలుగో చోట ప్రోగ్రామింగ్ చూసే ఆయన “బాగుంది, చూద్దాం” అన్నారు. మా రంగంలో ఆ మాటకు కాదని అర్థం. తెలుగు రేడియోకు రాక్ గిట్టదని బృందం తేల్చేసుకుంది. ఈ నిర్ధారణతో నేను ఏకీభవించలేదు. కరకు గిటార్లు, దడదడలాడే డ్రమ్స్ ఉన్న సినిమా పాటలను అవే స్టేషన్లు రోజూ వేస్తున్నాయి, శ్రోతలు వింటున్నారు. వాయిద్యం కారణం కాదని అక్కడికి స్పష్టమైంది.

నాకు తోచిన కారణం వేరు. పాట నిడివి 5 నిమిషాల 20 సెకన్లు, పల్లవి మొదటిసారి వచ్చేది నిమిషంన్నర దాటాక. వేదిక ముందున్నవాడు పాట కోసమే వచ్చాడు కనుక నిమిషంన్నర ఆగుతాడు. సిగ్నల్ దగ్గర బండి ఆపుకుని రేడియో వింటున్నవాడు అంతసేపు ఆగడు. ఈ మాట అన్నప్పుడు గిటారిస్టు క్వీన్ బృందాన్ని ఉదాహరణగా చూపాడు. వారి ‘బొహీమియన్ రాప్సొడీ’ 1975లో 5 నిమిషాల 55 సెకన్ల నిడివితోనే వచ్చి బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది కదా అన్నాడు. వాదన బలమైనదే. అయితే ఆ పాటను విడుదలకు ముందే లండన్‌లోని క్యాపిటల్ రేడియోలో కెన్నీ ఎవరెట్ అనే జాకీ రెండు రోజుల్లో పద్నాలుగు సార్లు వేశాడు. ఏ పాట వేయాలో, ఎన్నిసార్లు వేయాలో తానే నిర్ణయించుకునే స్వేచ్ఛ అతనికి ఉంది. మన స్టేషన్లలో జాకీకి ఆ అధికారం చాలా తక్కువ. గంటకు ఏ పాటలు రావాలో షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ ముందే పేర్చి పెడుతుంది. నిడివి తగ్గించడానికి బృందం ఒప్పుకుంది.

మొదట చేసినవి, అవి ఫలించని తీరు

మొదటి ప్రయత్నం రేడియో ఎడిట్. ముందు వాయిద్యాన్ని ఎనిమిది సెకన్లకు కుదించి, రెండో చరణం, గిటార్ సోలోలో సగం తీసేసి, 3 నిమిషాల 25 సెకన్లకు తెచ్చాం. ఒక స్టేషన్ దాన్ని రాత్రి పదకొండు తర్వాత వారంపాటు వేసింది. ఒక్క ఫోనూ రాలేదు, ఒక్క సందేశమూ రాలేదు. వారం తర్వాత తీసేశారు.

ఆ వారంలో పాట గాలిలో ఎలా వస్తోందో ఒక రాత్రి రికార్డు చేసి విన్నాను. స్టూడియోలో రెండు వైపులా గోడల్లా నిలబడ్డ గిటార్లు ఎక్కడో పక్కగదిలోంచి వస్తున్నట్టున్నాయి. గాయకుడి గొంతు సింబల్స్ అనే డ్రమ్స్ పక్కన ఉండే లోహపు పళ్లేల రొదలో మునిగిపోతోంది. పాట మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు మొత్తం ధ్వనిని సరిచేసే చివరి దశ, మెత్తగా ఉండడం వల్ల పక్క పాటల ముందు తేలిపోయిందని అనుకున్నాను. అది నా పొరపాటు. ఇంకా గట్టిగా మాస్టరింగ్ చేయించాం. ఈసారి మరో స్టేషన్‌లో రెండు రోజులు వచ్చింది, ముందుకంటే అధ్వానంగా వినిపించింది.

కారణం తెలిసినదే అయినా నేను ఆ సమయంలో దానికి తగిన బరువు ఇవ్వలేదు. ప్రతి ఎఫ్‌ఎం స్టేషన్‌లోనూ ట్రాన్స్‌మిటర్‌కు ముందు ఒక ప్రాసెసర్ ఉంటుంది; మెత్తని పాటను పెంచి, గట్టి పాటను అణచి, అన్నింటినీ ఒకే మట్టానికి తెస్తుంది. ముందే నలిపేసిన పాటను అది మళ్లీ నలుపుతుంది, దాంతో బిగువు పోయి గరగర మిగులుతుంది. పైగా మన దేశంలో ఎఫ్‌ఎంకు 50 మైక్రోసెకన్ల ప్రీ-ఎంఫసిస్ వాడతారు. అంటే సుమారు 3 కిలోహెర్ట్జ్ పైనున్న ధ్వనిని పంపేచోట పెంచి, రిసీవర్ దగ్గర అంతే తగ్గిస్తారు. 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ పెంపు 13 డెసిబెల్స్ దాటుతుంది. మా పాటలో సింబల్స్ ఆ ప్రాంతాన్నంతా నింపేశాయి కనుక, సింబల్ మోగిన ప్రతిసారీ, హద్దు దాటిన ధ్వనిని అణచే లిమిటర్ పాటనంతటినీ కిందికి లాగుతోంది.

మూడో ప్రయత్నం గురించి రాయడానికి మనసు ఒప్పకపోయినా రాయాలి. బృందం స్నేహితులు స్టేషన్‌కు ఫోన్లు చేసి పాట కావాలని అడగడం మొదలుపెట్టారు. నాకు తెలిసీ ఆపలేదు. ఇరవై మంది ఒకే వాక్యాన్ని ఒకే తీరుగా చెబితే ఫోనెత్తేవారికి రెండో రోజుకే తెలిసిపోతుంది. ఆ స్టేషన్ తర్వాత చాలాకాలం మా మెయిల్ తెరవలేదు. నిజంగా పాట నచ్చి ఎవరైనా ఫోను చేసినా నమ్మని స్థితి వచ్చింది. ఈ నష్టాన్ని డబ్బులో లెక్కకట్టలేం.

మోనోలో విన్నప్పుడు తెలిసినది

అక్కడ ఆగి, పాటను మొదటి నుంచి పరీక్షించాలని నిర్ణయించుకున్నాను. మా ఇంట్లో ఒకే స్పీకరున్న, ఎడమ కుడి ధ్వనులను కలిపి మోనోలో వినిపించే పాత ట్రాన్సిస్టర్ ఉంది. దాని ద్వారా పాటను వినే ఏర్పాటు చేసుకుని, బృందాన్ని ఎదురుగా కూర్చోబెట్టి వినిపించాను. గిటార్లు డొల్లగా మోగాయి. డ్రమ్మర్ లేచి వెళ్లి ట్రాన్సిస్టర్ వెనక వైర్లు ఊడాయేమో చూశాడు.

ఎఫ్‌ఎం స్టీరియోలో ఎడమ, కుడి ధ్వనుల మొత్తం ప్రధాన సంకేతంగా వెళ్తుంది. ఆ రెండింటి మధ్య తేడా 38 కిలోహెర్ట్జ్ ఉపవాహకం మీద విడిగా వెళ్తుంది. ఒకే స్పీకరున్న రేడియోకు మొత్తమే అందుతుంది. కారు రేడియో కూడా, ఫ్లైఓవర్ కిందికో ఎత్తైన భవనాల మధ్యకో వెళ్లి సంకేతం బలహీనపడగానే, రొద తగ్గించడానికి తేడాను వదిలేసి మోనోకు జారుతుంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల మధ్య రేడియో వింటూ వెళ్లేవారికి ఈ జారడం అనుభవమే. మా పాటలో గిటారును ఒక్కసారే వాయించి, దాన్నే కాపీ చేసి, కుడివైపు కాపీని 12 మిల్లీసెకన్లు ఆలస్యంగా పెట్టారు. హెడ్‌ఫోన్లలో అది విశాలంగా వినిపిస్తుంది. రెండూ కలిసి ఒకటైనప్పుడు మాత్రం సుమారు 42 హెర్ట్జ్ దగ్గర మొదలై ప్రతి 83 హెర్ట్జ్‌కూ ఒక గొయ్యి చొప్పున ధ్వని తినేసినట్టవుతుంది. దాని మీద వేసిన, ధ్వనిని ఇంకా వెడల్పుగా వినిపించేలా చేసే స్టీరియో వైడనర్ చేర్చిన భాగమైతే మోనోలో పూర్తిగా మాయమవుతుంది.

పరిష్కారం సులువైనదే, శ్రమే ఎక్కువ. కాపీ తీసేసి, అదే భాగాన్ని రెండోసారి వాయించి కుడివైపు పెట్టాం. ఇద్దరు మనుషుల్లా రెండు టేకుల్లో సహజంగా ఉండే చిన్న తేడాలు మోనోలోనూ నిలుస్తాయి. సింబల్స్ తగ్గించి, మాస్టరింగ్‌లో నలుపుడు తగ్గించాం. ట్రాన్సిస్టర్‌లో పాట గట్టిగా నిలబడింది. కేసు ముగిసిందనుకున్నాను.

ముగియలేదు. నా పాత సహోద్యోగి ఒకరు తన స్టేషన్‌లో పదిమందికి పల్లవి ముక్క వినిపించి, మర్నాడు అడిగి చూశారు. గిటార్ బాగుందన్నారు. పల్లవి చెప్పమంటే ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఆటోలో దొరికిన సమాధానం

నాకు ఇక దారి తోచలేదు. తార్నాక నుంచి సికింద్రాబాద్ వెళ్తూ, ఆటోలో వెనక సీటు పైనున్న స్పీకర్లలో పాట పెట్టమని పెన్‌డ్రైవ్ ఇచ్చాను. నా పాట అని చెప్పలేదు. మెట్టుగూడ దాటాక డ్రైవరు అద్దంలోంచి చూసి అడిగాడు: “ఏం పాట సార్ ఇది? పాడినా లేస్తమంటుండు. పాడితే లేసుడేంది?”

పల్లవి ‘పడినా లేస్తాం’. కిందపడ్డా మళ్లీ లేస్తామని భావం. ఆయనకు వినిపించింది ‘పాడినా లేస్తాం’. ఆయన చెవిలో దోషమేమీ లేదు. గాయకుడు మొదటి అక్షరం మీదే దెబ్బ వేసి, దాన్ని రెండు మాత్రలకు సాగదీసి పాడాడు. తొమ్మిది నెలలుగా ఆ పాట వింటున్న నాకు అది ‘పడినా’గానే వినిపించింది, ఎందుకంటే సాహిత్యం కాగితం నా ముందుంది. వేదిక ముందున్న కుర్రవాళ్లకూ అంతే. వారికి ఆ మాటలు ముందే తెలుసు. పల్లవి ఎవరికీ ఎందుకు గుర్తు లేదన్నదీ అక్కడే అర్థమైంది. అర్థం కాని మాటను చెవి దాచుకోదు.

ఎక్కడినుంచి వచ్చిందీ దీర్ఘం? బాణీ కట్టేటప్పుడు వారు అసలు సాహిత్యం వచ్చేదాకా ఇంగ్లిష్ డమ్మీ మాటలతో పాడుకున్నారు. ఆ భాషలో బరువు పడిన అక్షరాన్ని ఎంత సాగదీసినా మాట మారదు. తెలుగులో హ్రస్వం, దీర్ఘం వేర్వేరు అక్షరాలు. ‘పడు’ వేరు, ‘పాడు’ వేరు. ‘విడు’ వేరు, ‘వీడు’ వేరు. ‘మరి’ వేరు, ‘మారి’ వేరు. ఛందస్సు భాషలో చెప్పాలంటే ‘పడినా’ రెండు లఘువులు, ఒక గురువు గల సగణం. బాణీ దాన్ని గురువు, లఘువు, గురువు గల రగణంగా మార్చింది. తెలుగులో బాణీకి పాట రాసేవారు తరతరాలుగా డమ్మీ మాటలకు బదులు ‘తననా, తానానా’ అని అడగడంలో ఉన్న వివేకం ఇదే. ‘తననా’ అన్నప్పుడే హ్రస్వమెక్కడో దీర్ఘమెక్కడో తెలిసిపోతుంది. వీరి బాణీ ‘తాననా’, మాట ‘తననా’.

సాగదీయడమే తప్పు కాదని ఇక్కడ చెప్పాలి. పదం చివరి అక్షరాన్ని ఎంత సాగదీసినా మన చెవి చాలావరకు సర్దుకుంటుంది. జానపదాల్లో పాదాంతాలను గుక్కతిప్పకుండా లాగినా మాట చెడదు. మొదటి అక్షరంలో అలా కాదు. అక్కడి దీర్ఘం పదాన్నే మార్చేస్తుంది.

గాయకుడు ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. అతని అభ్యంతరం నిజాయితీగా ఉంది. ఆ మొదటి అక్షరం మీది పై స్వరమే పాటకు ప్రాణం, దాన్ని తీసేస్తే అది వేరే పాట అన్నాడు. మాట మార్చి, దీర్ఘంతో మొదలయ్యే మరో పదం పెడదామా అని కూడా చూశాం. రాసిన అమ్మాయి ససేమిరా అంది, ఆమె మాటే సబబని నాకు తోచింది. చివరికి స్వరాన్ని అలాగే ఉంచి దాని చోటు మార్చాం. ‘పడి’ అనే రెండు లఘువులనూ తాళం దెబ్బకు ముందే చురుగ్గా పాడి, దెబ్బ, పై స్వరం, సాగదీత మూడూ ‘నా’ మీద పడేలా చేశాం. అది స్వతహాగా దీర్ఘమే కనుక ఎంత లాగినా మాట నిలిచింది. పైగా కిందపడి లేచే ఊపు బాణీలోనే వచ్చింది. ‘పడి’ అన్నచోట స్వరం తక్కువలో ఉండి ‘నా’ దగ్గర పైకి ఎగురుతుంది. దీన్ని మేం ముందుగా ఊహించలేదు.

కాగితాల పని

మళ్లీ పంపేముందు ఒక ఇబ్బంది వచ్చింది. పాట ముందు వచ్చే గిటార్ వరుస, బృందం వదిలి వెళ్లిన పాత గిటారిస్టు కట్టినది. రికార్డింగు హక్కు ఎవరిదో స్పష్టంగా లేని పాటను ఏ స్టేషన్ కూడా నిశ్చింతగా వేయలేదు. బాణీలో అతనికి వాటా రాసి, సంతకాలు తీసుకుని, రికార్డింగును గుర్తించే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ తీసుకుని, సాహిత్యం, సంగీతం కర్తల వివరాలు వారి రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో నమోదు చేయించాను. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం రచయిత, స్వరకర్త తమ సమాన రాయల్టీ హక్కును, వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప, మరొకరికి రాసిచ్చినా చెల్లదు. ఈ సంగతి బృందంలో ఎవరికీ తెలియదు.

ఫలితం

కొత్త రూపాన్ని రెండు స్టేషన్లకే పంపాం. ఒకచోట సాయంత్రం కార్యక్రమం చేసే జాకీ దాన్ని రోజుకొకసారి వేయడానికి అనుమతి తెచ్చుకుంది. నాలుగైదు రోజుల్లోనే ఫోన్లు మొదలయ్యాయి. వారెవరికీ పాట పేరు తెలియదు. ‘పడినా లేస్తాం’ అని పాడి, ఆ పాట కావాలని అడిగారు. ముందు మేం చేయించిన ఫోన్లలో ఒక్కరూ పల్లవి పాడలేదన్న విషయం అప్పుడు గుర్తొచ్చింది.

ఆ నెలలోనే ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఆ మధ్యాహ్నం జాకీ రెండు వాక్యాలు మాట్లాడి పాట వేసింది: తప్పినవాళ్లకు సప్లిమెంటరీ ఉంది, ఇంట్లోవాళ్లు ఈ పూట పిల్లల పక్కన కూర్చోండి అని. ఆ రోజు ఫోను చేసినవారిలో తల్లిదండ్రులు ఎక్కువమంది. ఆ తర్వాత పాట పగటి రొటేషన్‌లోకి, పిదప రెండో స్టేషన్‌కూ వెళ్లింది. మూడు నెలలపాటు సినిమా పాటల మధ్య నిలబడింది. మా మెయిల్ తెరవని స్టేషన్ కూడా చివర్లో తానే అడిగి తీసుకుంది.

ఈ విజయంలో ఏది ఎంత అన్నది విడదీసి చెప్పడం నాకు సాధ్యం కాదు. ఫలితాల రోజు ఒక మంచి మనసున్న జాకీ తీసుకున్న నిర్ణయం పెద్ద కారణమని ఒప్పుకుంటాను. అయితే అదే రోజు అదే జాకీ పాత రూపాన్ని వేసి ఉంటే, ఏడుస్తున్న బిడ్డ పక్కన కూర్చున్న తండ్రికి ‘పాడినా లేస్తాం’ అని వినిపించేది. నిడివి తగ్గించడం, మోనో సరిచేయడం అవసరమైనవే. అవి లేకపోతే మాట చెవిదాకా చేరేదే కాదు. నేను చేసిన తప్పు వరుసలో ఉంది. సాహిత్యం తెలియని ఒక్క మనిషికి పాట వినిపించి, ఏం విన్నావని మొదటి రోజే అడిగి ఉండాల్సింది. అందుకు ఖర్చయ్యేది ఒక ఆటో కిరాయి.

ఇప్పుడు ఏ బృందం వచ్చినా సాహిత్యం కాగితం ముందు తీసుకోవడం లేదు. ట్రాన్సిస్టర్‌లో ఒకసారి విని, నాకు వినిపించిన మాటలు నేనే రాసి, తర్వాత వారి కాగితంతో పోల్చి చూస్తున్నాను.

ఇదే బృందం రెండో పాట పోయిన వారం వచ్చింది. బాణీ ‘తననా’లతో హమ్ చేసి పంపారు. రెండో పాదంలో ‘విడు’ అన్న మాట ‘వీడు’ అని వినిపిస్తోంది. ఈసారి దాన్ని నాకంటే ముందు డ్రమ్మరే పట్టుకున్నాడు. ఆదివారం ఆ పాదం మళ్లీ రికార్డు చేస్తున్నారు.